సెట్‌టాప్ బాక్సు మన ఇంట్లోకి ఎందుకొచ్చింది?

హైదరాబాద్, విశాఖపట్నం నగరాల్లో పాత పద్ధతి కేబుల్ కనెక్షన్‌కి ప్రభుత్వం పెట్టిన గడువు 2013 మార్చి 31. ఆ తర్వాత సెట్‌టాప్ బాక్సు లేని టీవీలో కేబుల్ బొమ్మ రాకూడదన్నది రూలు. అప్పట్లో టీవీలో తిరిగిన స్క్రోలింగులు, ప్రకటనలు, డబ్బులు వసూలు చేయడానికి వచ్చిన కేబుల్ అబ్బాయి, అందరూ చెప్పింది ఒకటే. బొమ్మ క్లియర్‌గా వస్తుంది, ఛానళ్లు ఎక్కువొస్తాయి, మీకు కావలసినవే తీసుకోవచ్చు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ చట్టాన్ని సవరించి, తేదీలు పెట్టి, పెట్టె కొనకపోతే మీ టీవీ ఆగిపోతుందని కోట్ల ఇళ్లకు చెప్పించేంత పట్టుదల కేవలం బొమ్మ బాగుండాలన్న ఆశతో రాదు. దాని వెనకున్నది లెక్క. ఏ వీధిలో ఎన్ని ఇళ్లకు కనెక్షన్ ఉంది, ఒక్కో ఇల్లు ఎంత కడుతోంది, ఆ డబ్బులో ఎవరి వాటా ఎంత అన్న లెక్క. మన దేశంలో అనలాగ్ నుంచి డిజిటల్‌కి మారిన కథ చాలావరకు ఈ లెక్క కథే.

ముందు అనలాగ్ అంటే ఏమిటో చూద్దాం, ఎందుకంటే తర్వాత జరిగినవన్నీ దాని స్వభావంలోంచి వచ్చినవే. అనలాగ్ పద్ధతిలో బొమ్మని గీతలు గీతలుగా చదువుతారు. మన దేశం వాడిన పాల్ పద్ధతిలో ఒక్కో బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. ఒక గీతలో ఎక్కడ వెలుతురు ఎక్కువుంది, ఎక్కడ తక్కువుంది అన్నదాన్నిబట్టి సిగ్నల్ కూడా హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. టీవీ ఆ హెచ్చుతగ్గుల్ని ఉన్నవున్నట్టు తెరమీద గీస్తుంది. అందుకే దారిలో ఏది కలిసినా అదీ తెరమీద కనబడుతుంది. పక్కింట్లో మిక్సీ వేస్తే గీతలు, టవర్ దూరమైతే చుక్కలు, కొండకో పెద్ద బిల్డింగుకో తగిలి తిరిగొచ్చిన సిగ్నల్ వల్ల ఒక్కో మనిషికి పక్కన ఇంకో నీడ. అయినా ఏదో ఒకటి కనబడుతూ ఉండేది. సిగ్నల్ సగం చచ్చినా బొమ్మ మసకగానైనా వచ్చేది, మాట వినబడేది, క్రికెట్ స్కోరు తెలిసేది.

డిజిటల్‌లో బొమ్మని అంకెలుగా మార్చి పంపుతారు. దారిలో కొన్ని అంకెలు పాడైనా సరిచేసుకోడానికి అదనంగా కొన్ని అంకెలు జతచేస్తారు కాబట్టి, ఒక మోతాదు వరకూ బొమ్మ మీద ఒక్క మరక కూడా పడదు. ఆ మోతాదు దాటిందంటే మాత్రం మధ్యస్థం ఏమీ లేదు. ముందు ముఖాలు చదరాలు చదరాలుగా విడిపోతాయి, మాట తెగుతుంది, తర్వాత తెర నల్లబడి 'నో సిగ్నల్' అని వస్తుంది. గట్టి వాన పడితే డీటీహెచ్ ఆగిపోవడం అందరికీ అనుభవమే. డిష్ అందుకునే తరంగాల్ని వాన నీరు పీల్చుకుంటుంది, దాంతో సిగ్నల్ ఆ మోతాదు కిందికి పడిపోతుంది.

అంకెలుగా మార్చడం వల్ల వచ్చిన అసలు లాభం జాగా. బొమ్మలో కదలనిది, మారనిది మళ్లీ మళ్లీ పంపక్కర్లేదు. న్యూస్ చదివే మనిషి వెనకున్న గోడని సెకనుకు 25 సార్లు పంపడం దేనికి? మారింది మాత్రమే పంపితే చాలు. ఇలా కుదించడం వల్ల అనలాగ్‌లో ఒక్క ఛానల్ పట్టే 8 మెగాహెర్ట్జ్ జాగాలో కేబుల్ ద్వారా సెకనుకు సుమారు 38 మెగాబిట్లు పంపొచ్చు, అంటే మామూలు నాణ్యత ఛానళ్లు పది పన్నెండు హాయిగా పడతాయి. ఇంకా కుక్కితే ఇంకా పడతాయి. మన దగ్గర చాలాచోట్ల ఇంకా కుక్కారు. అందుకే డిజిటల్ అని గొప్పగా చెప్పినా కొత్త పెద్ద ఎల్‌ఈడీ టీవీలో కొన్ని ఛానళ్లు అలికేసినట్టు కనబడతాయి, ఫుట్‌బాల్ మ్యాచ్‌లో గడ్డి ఆకుపచ్చ ముద్దలా ఉంటుంది. డిజిటల్ వేరు, హెచ్‌డీ వేరు. ఆ రెండూ ఒకటేనన్న భ్రమ కలిగేట్టు బాక్సులు అమ్మారు, అది తప్పు.

పనిలో పనిగా ఇంకో మార్పు కూడా వచ్చింది, దాని గురించి ఎవరూ ముందు చెప్పలేదు. అనలాగ్‌లో స్టేడియంలో జరిగింది దాదాపు అదే క్షణంలో ఇంట్లో కనబడేది. డిజిటల్‌లో కుదించడానికి కొంత, బాక్సులో మళ్లీ విప్పడానికి కొంత టైం పడుతుంది. ఒక్కో కంపెనీ వాడే పద్ధతినిబట్టి ఆలస్యం ఒక్కోలా ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో కింది ఇంట్లో ఒక కంపెనీ, పైఇంట్లో ఇంకో కంపెనీ ఉంటే, మన తెరమీద బౌలర్ ఇంకా పరుగెత్తుతుండగానే కింద సిక్సర్ అని అరుపులు వినబడతాయి.

ఇక వేరే దేశాలు ఎందుకు మారాయో చూస్తే మన తేడా తెలుస్తుంది. అమెరికాలో ఇంటిమీద యాంటెన్నా పెట్టుకుని చూసే స్టేషన్లు ఊరూరా లెక్కలేనన్ని. అవి ఆక్రమించిన తరంగాల మీద మొబైల్ కంపెనీల కన్ను పడింది. డిజిటల్‌కి మారితే టీవీ స్టేషన్లన్నీ తక్కువ జాగాలో సర్దుకుంటాయి, మిగిలింది వేలం వేసుకోవచ్చు. 2008లో 700 మెగాహెర్ట్జ్ తరంగాల వేలంలో అక్కడి ప్రభుత్వానికి 1900 కోట్ల డాలర్ల పైనే వచ్చింది. అందుకని ఇంటికి రెండు చొప్పున, ఒక్కోటి 40 డాలర్ల విలువున్న కూపన్లు ఇచ్చింది, పాత టీవీకి తగిలించుకునే కన్వర్టర్ బాక్సు కొనుక్కోమని. కూపన్ల డబ్బు అయిపోయి జనం వెయిటింగ్ లిస్టులో పడేసరికి 2009 ఫిబ్రవరి 17న ఆపాల్సిన అనలాగ్ ప్రసారాల్ని జూన్ 12కి వాయిదా వేశారు. జపాన్ 2011 జూలై 24న ఆపింది, కానీ ఆ మార్చిలో భూకంపం, సునామీ దెబ్బతీసిన మూడు ప్రిఫెక్చర్లకు (అక్కడి జిల్లాల్లాంటివి) 2012 మార్చి దాకా గడువిచ్చింది. బ్రిటన్ 2007లో వైట్‌హేవెన్ అనే చిన్న ఊరితో మొదలుపెట్టి ఒక్కో ప్రాంతం చేసుకుంటూ 2012 అక్టోబర్‌కి ముగించింది. 75 ఏళ్లు దాటినవాళ్లకీ వికలాంగులకీ ఇంటికి మనిషిని పంపి బాక్సు బిగించి, వాడటం నేర్పించే పథకం ఒకటి నడిపింది. ఈ దేశాల్లో మార్పు ప్రభుత్వానికి కావాలి, అమెరికాలోనైతే తరంగాల డబ్బూ దానికే వస్తుంది, కాబట్టి బాక్సు విషయంలో కొందరికైనా ప్రభుత్వం సాయం చేసింది.

మన దగ్గర తరంగాల కోసం అంత ఒత్తిడి లేదు. ఎందుకంటే టవర్ నుంచి గాల్లోకి టీవీ ప్రసారం చేసే హక్కు దూరదర్శన్‌కి తప్ప ఇంకెవరికీ ఇవ్వలేదు, ఇప్పటికీ లేదు. ఒకటి రెండు ఛానళ్లకు పట్టే జాగా ఎంతని.

ఆ టవర్ల కథ కూడా చిన్నదేం కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో నడిచిన 'సైట్' ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 పల్లెలకు టీవీ వచ్చింది, అందులో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబర్‌లో మొదలైంది. 1982 ఏషియన్ గేమ్స్‌తో రంగుల టీవీ. తర్వాత 1984లో కొన్ని నెలలపాటు దేశంలో సగటున రోజుకో ట్రాన్స్‌మిటర్ పెట్టుకుంటూ పోయారు. చివరికి వాటి సంఖ్య 1400 దాకా చేరింది. ఆ రోజుల్లో డాబా మీద అల్యూమినియం యాంటెన్నా, దాన్నుంచి దిగే బద్దలాంటి వైరు, కిటికీ దగ్గర బూస్టర్, ఇదీ సరంజామా. ఒకరు పైనెక్కి గొట్టం తిప్పుతుంటే ఇంకొకరు కింద టీవీ ముందు నిలబడి "వచ్చింది, వచ్చింది, అబ్బా పోయింది" అని కేకలేయడం. ఒక్కసారి కొన్న తర్వాత నెలనెలా కట్టేది ఏమీ లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని, ఎవరూ ఆపలేని టీవీ అది. చూసేవాడెవడో టవర్‌కి తెలియదు.

1991 తర్వాత కేబుల్ వచ్చి దీన్ని పక్కకు నెట్టేసింది. గల్ఫ్ యుద్ధం ప్రసారాలు, తర్వాత స్టార్, జీ, 1995లో జెమిని, ఈటీవీ. వాటిని ఇళ్లకు చేర్చింది ఏ పెద్ద కంపెనీ కాదు, వీధిలో కుర్రాళ్లు. ఒకప్పటి కేబుల్ కంట్రోల్ రూమ్ ఎలా ఉండేదో చూసినవాళ్లకు తెలుసు. మేడ మీద ఎనిమిది, పది అడుగుల డిష్‌లు మూడు నాలుగు, కింద ఇరుకు గదిలో ఇనప ర్యాకుల నిండా రిసీవర్లు, ఒక్కో ఛానల్‌కి ఒక రిసీవర్, దాని పక్కన ఆ ఛానల్‌ని కేబుల్‌లో ఒక నంబర్ మీదికి ఎక్కించే మాడ్యులేటర్, అన్నిటి తీగలూ ఒక కంబైనర్‌లోకి, అక్కణ్నుంచి నల్ల కేబుల్ కరెంటు స్తంభాల మీదుగా వీధుల్లోకి. మధ్యమధ్యలో సిగ్నల్ తగ్గకుండా యాంప్లిఫయర్లు. ఆ యాంప్లిఫయర్‌కి కరెంటు ఏ ఇంటి నుంచి తీసుకున్నారో ఆ వీధిలో కరెంటు పోతే, కరెంటున్న వెనక వీధిలోనూ కేబుల్ పోయేది. ప్రతి యాంప్లిఫయర్ బొమ్మతో పాటు చుక్కల్నీ పెంచుతుంది కాబట్టి లైను చివరి ఇళ్లకు మసక బొమ్మే గతి. ఒక వీసీఆర్, ఇంకో మాడ్యులేటర్ ఉంటే ఆపరేటర్ సొంత ఛానల్ కూడా రెడీ. అందులో ఊరి జాతర, స్కూల్ వార్షికోత్సవం, నగల షాపు ప్రకటన, రాత్రికి ఒక సినిమా.

ఈ ఏర్పాటులో రెండు పరిమితులు ఉన్నాయి. ఒకటి జాగా. కేబుల్‌లో అనలాగ్ ఛానళ్లు మహా అయితే ఎనభై, వంద. ఛానళ్లేమో ఏటికేడాది పెరిగిపోతున్నాయి. దాంతో మంచి నంబర్‌లో తమ ఛానల్ పెట్టించుకోడానికి టీవీ కంపెనీలే కేబుల్ సంస్థలకు ఎదురు డబ్బు కట్టడం మొదలైంది. దీన్ని క్యారేజ్ ఫీజు అంటారు. పాత టీవీల్లో మొదటి నంబర్లే సరిగా వచ్చేవి కాబట్టి ఆ నంబర్లకు గిరాకీ ఎక్కువ. కొత్త న్యూస్ ఛానల్ పెట్టినవాళ్లకు జర్నలిస్టుల జీతాలతో పోటీపడేంత ఖర్చు దీనికే అయ్యేది, అందుకే ప్రకటనల కోసం, రేటింగుల కోసం అంత యావ.

రెండోది, అసలుది, లెక్క. అనలాగ్ కేబుల్‌లో తీగ ఇంటిదాకా వస్తే బొమ్మ వచ్చేసినట్టే, పైనున్నవాళ్లకు ఆ ఇల్లు కనబడదు. ఆపరేటర్‌కి ఐదొందల ఇళ్లుండి వందే ఉన్నాయని చెప్పినా పట్టుకునే మార్గం లేదు. ఇళ్లవాళ్లు ఐదొందల మందీ డబ్బు కడతారు, అతనికి సిగ్నల్ ఇచ్చే పెద్ద కేబుల్ సంస్థకు వంద ఇళ్ల లెక్క వెళ్తుంది, అది ఇంటికింత అని డబ్బు తీసుకునే పే ఛానళ్లకు ఇంకా తగ్గించి చెబుతుంది, రాష్ట్ర ప్రభుత్వానికి వినోద పన్ను ఆ తగ్గించిన లెక్క మీదే. ఇది దొంగతనమని ఛానళ్ల వాదన. ఆపరేటర్ల వాదన వేరు. తీగ లాగింది మేం, అప్పు తెచ్చింది మేం, అర్ధరాత్రి స్తంభమెక్కి రిపేర్ చేసేది మేం, వాళ్లు ఏటా రేటు పెంచేసి మామీద పడితే మేమేం చేయాలి? రెండు వాదనల్లోనూ నిజం ఉంది. ఈ తగాదాలో ఇంట్లో కూర్చుని నెలకు వందో నూటయాభయ్యో కట్టేవాడి మాట ఎవరూ అడగలేదు, కాకపోతే లెక్క తేలని ఆ రోజుల్లో అతనికి బిల్లు తక్కువే ఉండేది.

ఈ చిక్కుకి ప్రభుత్వం మొదట వేసిన మందు క్యాస్, అంటే కండిషనల్ యాక్సెస్ సిస్టమ్. 2002లో కేబుల్ చట్టానికి సవరణ తెచ్చి, పే ఛానల్ చూడాలంటే సెట్‌టాప్ బాక్సు ఉండాలన్నారు. నాలుగు మహానగరాల్లో మొదలుపెడదామనుకుంటే 2003లో చెన్నైలో తప్ప ఎక్కడా నిలవలేదు. గొడవలు, కోర్టులు అయ్యాక 2007 మొదట్లో ఢిల్లీ, ముంబై, కోల్‌కతాల్లో కొన్ని ప్రాంతాల్లో అమల్లోకి వచ్చింది, పే ఛానల్‌కి 5 రూపాయలు, ఉచిత ఛానళ్ల మొత్తానికి 77 రూపాయలు అని రేటు కట్టి. కానీ ఉచిత ఛానళ్లు బాక్సు లేకుండా అనలాగ్‌లో వస్తూనే ఉండటంతో చాలామంది బాక్సు జోలికే పోలేదు. ఈలోపు 2003 నుంచి డీటీహెచ్ రంగంలోకి దిగింది. అందులో ప్రతి ఇంటికీ ఒక కార్డు, ప్రతి కార్డుకీ ఒక నంబర్, డబ్బు కట్టకపోతే ఉన్నచోటి నుంచే కట్. లెక్క తేల్చడం సాధ్యమేనని ఛానళ్లకు కళ్లముందు కనబడింది.

2011లో వచ్చిన కొత్త సవరణలో పాత పొరపాటు చేయలేదు. పే ఛానళ్లే కాదు, ఉచిత ఛానళ్లు కూడా డిజిటల్‌లోనే, అవి కూడా తాళం వేసి, అంటే ఎన్‌క్రిప్ట్ చేసే పంపాలి. ఉచిత ఛానల్‌కి తాళం ఎందుకు అని ఎవరైనా అడిగితే జవాబు ఒకటే. తాళం ఉంటేనే బాక్సు కావాలి, బాక్సు ఉంటేనే ఇల్లు లెక్కలోకి వస్తుంది. బాక్సు వెనకో కార్డు మీదో ఉండే వీసీ నంబర్ ఆ ఇంటి చిరునామా. పైన సర్వర్‌లో ఆ నంబర్‌కి ఏ ఛానళ్లు తెరవాలో రాసి ఉంటుంది, తాళంచెవులు ఆ తీగలోనే బొమ్మతోపాటు వస్తాయి. బొమ్మ నాణ్యత ఒక్కటే కారణమైతే తాళం అక్కర్లేదు, డిజిటల్‌గా పంపితే చాలు. చట్టం ఏం కోరుకుందో ఈ ఒక్క నిబంధనలో పూర్తిగా బయటపడింది.

నాలుగు దశలు పెట్టారు. నాలుగు మహానగరాలకు 2012 జూన్ అని, తర్వాత అక్టోబర్ 31కి జరిపారు. చెన్నైలో కోర్టు కేసుల వల్ల అది కూడా సాగలేదు. రెండో దశ 38 నగరాలు, మన హైదరాబాద్, విశాఖ ఇందులోవే. మిగతా పట్టణాలకు 2015 డిసెంబర్ 31. అప్పుడు మన ఉమ్మడి హైకోర్టు రెండు తెలుగు రాష్ట్రాలకు రెండు నెలలు వెసులుబాటిచ్చింది, ఇంకా కొన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటి కేసులు పడ్డాయి. చివరికి పట్టణాలకు 2017 జనవరి 31, పల్లెలకు మార్చి 31 అని తేల్చారు. గడువులు ఇన్నిసార్లు జరగడానికి ముఖ్య కారణం బాక్సులే. కోట్ల బాక్సులు కావాలి, ఎక్కువ భాగం బయటి దేశాల నుంచి, ముఖ్యంగా చైనా నుంచి దిగుమతి, ఆపరేటర్ల దగ్గర అంత పెట్టుబడి లేదు.

మరి ఆ ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? చాలావరకు ఇంటివాళ్లే. అమెరికాలో కూపన్ ఇచ్చినట్టు, బ్రిటన్‌లో ముసలివాళ్లకు మనిషిని పంపినట్టు ఇక్కడ కేబుల్ ఇళ్లకు కేంద్రం ఏమీ ఇవ్వలేదు. చట్టం ప్రభుత్వానిది, లాభం ఛానళ్లది, పన్ను ఖజానాది, పెట్టె ఖర్చు మాత్రం కూలి చేసుకునే ఇంటిది. ఈ మార్పులో అన్నిటికన్నా పెద్ద అన్యాయం ఇదే. అదీగాక, కొన్న పెట్టె ఆ ఒక్క ఆపరేటర్‌కే పనిచేస్తుంది. ఇల్లు మారి వేరే ఏరియాకి వెళ్తే, లేదా సర్వీసు నచ్చక వేరే కంపెనీకి మారితే, అది అటక మీదికే. ఫోన్ నంబర్ మార్చకుండా కంపెనీ మారే సదుపాయం ఉన్న దేశంలో టీవీ పెట్టెకు ఆ వీలు లేదు. ఏ కంపెనీ సిగ్నల్‌కైనా పనిచేసే బాక్సులు ఉండాలని టెలికాం, టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫారసు చేసింది, కానీ మన ఇళ్లలో ఉన్నవి ఇంకా తాళం బాక్సులే.

రెండో టీవీ సంగతి ఇంకా ఇబ్బంది. అనలాగ్‌లో చిన్న స్ప్లిట్టర్ పెడితే హాల్లో ఒకటి, లోపలి గదిలో ఒకటి, రెండిట్లోనూ బొమ్మ వచ్చేది, వేరు వేరు ఛానళ్లు చూసుకోవచ్చు. డిజిటల్‌లో ప్రతి టీవీకి వేరే బాక్సు, వేరే వీసీ నంబర్, వేరే బిల్లు. రెండో టీవీకి నెట్‌వర్క్ ఫీజులో, అంటే ఛానళ్ల ధర కాక కనెక్షన్‌కి నెలనెలా కట్టేదాంట్లో, 40 శాతానికి మించి తీసుకోకూడదని ట్రాయ్ 2020లో చెప్పేదాకా దాని మీద పరిమితి కూడా లేదు.

అందరికన్నా ఎక్కువ మారింది వీధి ఆపరేటర్ బతుకు. డిజిటల్ కంట్రోల్ రూమ్ పెట్టాలంటే కోట్లు కావాలి, ఎన్‌కోడర్లు, తాళం వేసే సాఫ్ట్‌వేర్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. ఊరికో కంట్రోల్ రూమ్ ఉన్నచోట జిల్లాకో రాష్ట్రానికో ఒకటి మిగిలింది, దాన్నుంచి ఫైబర్ మీద సిగ్నల్ వస్తుంది. పైనున్న పెద్ద సంస్థ ఎవరికి ఏ ఛానల్ తెరవాలో నిర్ణయిస్తుంది, ఇతను డబ్బు వసూలు చేసి, తీగ తెగితే అతికించే మనిషిగా మిగిలాడు. ర్యాకులు తుక్కుకి వెళ్లాయి. ఊరి జాతర చూపించిన లోకల్ ఛానల్ నడవాలంటే ఇప్పుడు పైసంస్థ తన లిస్టులో దానికి చోటివ్వాలి, దానికి డబ్బు కట్టాలి. కొన్ని నిలబడ్డాయి, ఎన్నో మూతపడ్డాయి. ప్రభుత్వాలే దిగిన సందర్భాలూ ఉన్నాయి. తమిళనాడులో అరసు కేబుల్ 70 రూపాయలకే ఇచ్చేది. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబర్‌లో 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోన్ కలిపి మొదలుపెట్టింది, అది కూడా ఇంటిదాకా చేరడానికి ఈ స్థానిక ఆపరేటర్ల తీగల మీదే ఆధారపడింది.

నచ్చినవే కొనుక్కోవచ్చన్న మాట నిజంగా అమల్లోకి వచ్చింది 2019 ఫిబ్రవరి 1న, ట్రాయ్ కొత్త టారిఫ్‌తో. అప్పట్లో వంద ఛానళ్లదాకా నెట్‌వర్క్ ఫీజు 130 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 153 పైచిలుకు. దానిమీద ప్రతి పే ఛానల్‌కీ విడిగా ధర, ఆ ధర నెలనెలా మీకు కనబడాలి. ప్యాక్‌లో పెట్టాలంటే ఛానల్ ధర 19 రూపాయలు దాటకూడదన్నారు, తెలుగులో జనం ఎక్కువ చూసే వినోద ఛానళ్లు చాలావరకు ఆ 19కి దగ్గర్లోనే ధర పెట్టుకున్నాయి. ఆ నెలలో ఇళ్లల్లో ఎంత టెన్షనో! కాగితం మీద ఛానళ్ల లిస్టు ముందేసుకుని సీరియళ్లు ఒకరికి, క్రికెట్ ఒకరికి, కార్టూన్లు పిల్లలకి అని టిక్కులు పెట్టి కూడితే పాత బిల్లుకన్నా ఎక్కువ తేలింది. టీవీ కంపెనీలు తమ ఛానళ్లన్నిటినీ ఒక ప్యాక్‌లో కట్టి విడిగా కొనేదానికన్నా బాగా చౌకగా ఇవ్వడంతో చివరికి అందరూ ప్యాక్‌లకే వచ్చారు. అయినా ఈ టారిఫ్ వల్ల ఒక మేలు జరిగింది. ఏ ఛానల్‌కి తన జేబులోంచి ఎంత పోతోందో మన దేశంలో కేబుల్ ప్రేక్షకుడికి రూపాయల్లో తెలిసింది అప్పుడే. లెక్క మొత్తానికి ఇంటిదాకా కూడా వచ్చింది, కానీ బిల్లు పెరిగాక వచ్చింది.

ఇదంతా కేబుల్ గొడవ. మరి టవర్లు ఏమయ్యాయి? నిశ్శబ్దంగా ఆగిపోయాయి. 2016లో దూరదర్శన్ 16 నగరాల్లో టవర్ నుంచే డిజిటల్ ప్రసారాలు మొదలుపెట్టింది. బాక్సుతోనో, ఫోన్‌కి తగిలించే డాంగిల్ అనే చిన్న పరికరంతోనో ఇంట్లోనే కాదు, ఫోన్‌లో కూడా, ఇంటర్నెట్ లేకుండా చూడొచ్చన్నది ఆలోచన. ఆ నగరాల్లో హైదరాబాద్ లేదు. డాంగిల్ షాపుల్లో దొరకాలి కదా, దొరకలేదు. 2017 జనవరిలో ట్రాయ్ ఒక పద్ధతైన ప్రణాళిక ఇచ్చింది. ప్రైవేటు సంస్థలనూ టవర్ ప్రసారాల్లోకి అనుమతించండి, 2023 చివరికి మూడు దశల్లో అనలాగ్ ఆపేయండి అని. మొదటి మాట అమలు కాలేదు. రెండోది మాత్రం అనుకున్న గడువుకన్నా ముందే, ఆ కొద్ది నగరాల్లో తప్ప డిజిటల్ టవర్లు రాకుండానే దాదాపు జరిగిపోయింది. దూరదర్శన్‌ని నడిపే ప్రసారభారతి 2021 అక్టోబర్‌లో చెప్పిన ప్రకారం అప్పటికే చాలావరకు మూసేయగా మిగిలిన 412 అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 మార్చికల్లా మూడు విడతల్లో ఆపడం, సరిహద్దుల్లాంటి కీలక ప్రాంతాల్లో ఓ 50 దాకా ఉంచడం ప్రణాళిక. పక్క దేశాల దాకా సిగ్నల్ వెళ్లాలని పంజాబ్‌లో ఫాజిల్కా దగ్గరా, తమిళనాడులో రామేశ్వరం దగ్గరా 300 మీటర్ల పైన ఎత్తున్న టవర్లు కట్టిన సంస్థ ఇది. ఆగిపోయిన రోజు ఎవరూ పెద్దగా గమనించలేదు, ఎందుకంటే డాబాల మీద యాంటెన్నాలు అప్పటికే తుప్పుపట్టాయి. నెలకు పైసా కట్టక్కర్లేని ఆ టీవీకి మద్దతుగా ఒక్క ధర్నా జరగలేదు.

దాని బదులు దూరదర్శన్ చూపించే దారి ఫ్రీ డిష్. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ అన్న పేరుతో మొదలైంది. డిష్, బాక్సు ఒక్కసారి కొంటే చాలు, నెలనెలా కట్టేది లేదు. ప్రైవేటు ఛానళ్లు వేలంలో చోటు కొనుక్కుంటాయి, ఆ డబ్బుతో నడుస్తుంది. ఉత్తరాదిలో ఇది కోట్ల ఇళ్లకు చేరింది. హిందీ ఛానళ్లకు అక్కడ ప్రేక్షకులు ఎక్కువ కాబట్టి వేలంలో పోటీ ఎక్కువ. తెలుగువాళ్లకు అందులో దొరికేది డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి, ఇంకా కొద్దిపాటి. జనం ఎక్కువ చూసే తెలుగు పే ఛానళ్లు అందులో లేవు, అందుకే మన ఊళ్లలో దాని ఊసు తక్కువ. 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన బైండ్ పథకంలో మారుమూల, గిరిజన, సరిహద్దు ప్రాంతాల ఇళ్లకు 8 లక్షలకు పైగా ఫ్రీ డిష్ బాక్సులు ఉచితంగా ఇస్తామన్నారు. ప్రభుత్వం తన ఖర్చుతో పెట్టె ఇవ్వడమన్న ఆలోచన అలా చాలా ఆలస్యంగా, చాలా కొద్దిమందికి వచ్చింది. మన్యం ఊళ్లకు దీని అవసరం నిజంగా ఉంది. స్తంభాల మీదుగా కేబుల్ లాగినా గిట్టుబాటు కాని చోట్లు అవి.

ఇప్పుడు టవర్ల మాట మళ్లీ వినబడుతోంది, పేరు మార్చుకుని. డీ2ఎం అంటే ఇంటర్నెట్ లేకుండా, సిమ్ లేకుండా టవర్ నుంచి నేరుగా ఫోన్‌లోకి టీవీ. ప్రసారభారతి ఐఐటీ కాన్పూర్‌తో కలిసి దీనిమీద పనిచేసింది, ఢిల్లీ, బెంగళూరుల్లో ప్రయోగాలు జరిగాయి. తుఫాను సమయంలో మొబైల్ నెట్‌వర్క్ పడిపోయినా హెచ్చరికలు చేరతాయన్నది దీనికున్న గట్టి బలం, తీరం పొడుగునా తుఫాన్లతో బతికే ఆంధ్ర జిల్లాలకు అది చిన్న విషయం కాదు. ఒకే మ్యాచ్‌ని కోటి మంది చూస్తే కోటిసార్లు డేటా పంపనక్కర్లేదు, టవర్ ఒక్కసారి పంపితే అందరికీ చాలు. కానీ దానికి ఫోన్‌లో ప్రత్యేకంగా చిప్, యాంటెన్నా ఉండాలి. ఫోన్ల ధర పెరుగుతుందని తయారీ కంపెనీలు అప్పుడే అభ్యంతరం చెప్పాయి. పదివేల లోపు ఫోన్ కొనేవాళ్లే ఈ ఉచిత టీవీ ఎక్కువ అవసరమైనవాళ్లు. ఆ చిప్ ఖర్చు ఫోన్ ధరలో కలిపి వాళ్లచేతే కట్టిస్తారా, లేక ఈసారైనా ప్రభుత్వం భరిస్తుందా అన్నది టవర్లు లేపకముందే తేల్చాలి.